అడుగున ఏం పరవాలి?

ఇసుక గురించి మా నాయినకు తెలిసినంత నా ఎమ్మెస్సీ నోట్సులో లేదంటే మా అధ్యాపకులు నొచ్చుకుంటారేమో! ఏం చేయను, జరిగింది జరిగినట్టు రాయాలి కదా.

నాయిన మౌలాలి లోకో షెడ్డులో పనిచేశాడు. ఇంజనులో ఇసుక పెట్టెలుంటాయనీ, వానకు పట్టాలు తడిసి చక్రం జారినప్పుడు గాలి ఒత్తిడితో ఆ ఇసుకను గొట్టంలోంచి చక్రం ముందర పోస్తారనీ నా చిన్నప్పుడే చెప్పాడు. ఆ ఇసుక పొడిగా ఉండాలి, జల్లెడ పట్టాలి, మట్టి కలవకూడదు. తడి తగిలితే గొట్టంలోనే గడ్డకడుతుంది. "రైలు ఇనుముతోని నడుస్తదనుకుంటరు గాని, ఎక్కుడు మీద ఇసుకనే గుంజుతది బిడ్డా" అనేవాడు. అప్పుడు నవ్వాను.

సముద్రం వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్ళో కూర్చుని, ఇంట్లో సముద్రం పెట్టాలన్న పిచ్చి నాకు ఎందుకు పట్టిందో చెప్పడం కష్టం. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో నాలుగడుగుల గాజుతొట్టి చేయించాను. ఉప్పు లెక్క సులువే. లీటరుకు 35 గ్రాములు, అంటే 200 లీటర్లకు ఏడు కిలోలు. మా బోరునీళ్ళు పనికిరావని తెలిసి శుద్ధి చేసిన నీళ్ళు తెచ్చుకున్నాను. పంపు, దీపం అన్నీ కుదిరాయి. తేలనిది ఒక్కటే, అడుగున ఏం పరవాలి?

మౌలాలిలో పుట్టినవాడికి మొదట కనిపించేది గుట్టే. దర్గా ఉన్న ఆ నల్లరాతి గుట్ట వానకు కడిగినప్పుడల్లా కింద బరక ఇసుక చేరుతుంది. చిన్నప్పుడు దాన్నే డబ్బాతో తెచ్చి గోల్డుఫిష్ తొట్టిలో పోసేవాణ్ణి. ఏ పేచీ ఉండేది కాదు. ఈసారి దాని మీద నిమ్మకాయ పిండి చూశాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఈ నేల గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. నిమ్మరసానికి లొంగుతుందా! తర్వాత ఆల్చిప్ప పొడి మీద పిండితే బుస్సుమని పొంగింది. తాంబూలంలోకి గుల్లసున్నం కాల్చేది ఇలాంటి గుల్లలనే. పగడపు దిబ్బల దగ్గరి తెల్ల ఇసుకా ఆ జాతిదే, కాల్షియం కార్బొనేట్. పగడాల ముక్కలు, గుల్లలు, సున్నం కట్టే నాచు కలిసి అరిగితే అయ్యేది. అందులో కొంత చిలకమూతి చేపలు పగడాన్ని కొరికి, నమిలి, విసర్జించిన పొడి. ఆ మాట చెప్పినప్పటినుంచి మా అమ్మ ఆ ఇసుకను చేత్తో ముట్టడం మానేసింది!

అన్నట్టు, నిమ్మకాయ పరీక్షను పూర్తిగా నమ్మకండి. ఇంటి పనిలో మిగిలిన పాలరాతి ముక్క కూడా అట్లాగే పొంగింది. ఇంకో మాట. సున్నపు ఇసుక పోస్తే చాలు, నీళ్ళు వాటంతట అవే బాగుపడతాయంటారు. అది సగం నిజమే. సముద్రపు నీటి పీహెచ్ 8.1, 8.3 మధ్య ఉంటుంది. అక్కడ ఆ ఇసుక దాదాపు కరగదు. గింజల సందుల్లో పీహెచ్ బాగా పడిపోయిన చోటనే కాస్త కరుగుతుంది.

ఆ రోజుల్లోనే మా మేనమామ రామేశ్వరం యాత్రకు బయల్దేరాడు. "మామా, వచ్చేటప్పుడు ఒక సంచెడు పగడపు ముక్కలు తేవా" అని నేనే అడిగాను. అడిగిన రెండు రోజులకు లైబ్రరీలో కూర్చుంటే తెలిసింది, గట్టి పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారని. అంటే పులికి ఉన్న రక్షణే పగడానికీ! మన్నారు సింధుశాఖలో సున్నం కోసం ఏళ్ళ తరబడి పగడాలను తవ్వారు. అక్కడి 21 దీవుల్లో రెండు నీట మునిగాయి, అందుకు ఆ తవ్వకం కూడా ఒక కారణమంటారు. గుండె జారిపోయి మామకు ఫోను చేశాను.

"రోడ్డు మీద బుట్టల్ల పెట్టి అమ్ముతుంటే తప్పేందిరా? నువ్వే అడిగినవ్, నువ్వే వద్దంటున్నవ్. నేను దొంగనా?" అన్నాడు.

దొంగను నేనే మామా అని అనలేకపోయాను. మామ ఏమీ తేలేదు గాని, దసరాకు మా ఇంటికి కూడా రాలేదు. పగడపు దిబ్బ కావాలన్న నా కోరిక కూడా అక్కడే సగమైంది. సిమెంటులో గుల్లల పొడి కలిపి రాళ్ళు పోసుకున్నాను. ఆ సిమెంటు ఘాటు పోయేదాకా వారాల తరబడి నీళ్ళు మార్చడం అమ్మ వంతయింది.

ఇసుక డబ్బులు నాయిన ఇచ్చాడు, రిటైరైనప్పుడు వచ్చిన దాంట్లోంచి. ఒక దుకాణంలో పంచదారలా మెత్తగా ఉన్న అరగొనైటు ఇసుక దొరికింది. "కడుగు" అన్నాడు నాయిన. "ఇది కడిగి వచ్చిందే" అన్నాను. పైగా నేను చదువుకున్నవాణ్ణి. మొనాకోలో జోబేర్ అనే శాస్త్రవేత్త 1980లలో మందపాటి ఇసుకతో తొట్టి నడిపాడనీ, ప్రాణవాయువు అందని అడుగు పొరల్లో బాక్టీరియా నైట్రేటును నత్రజనిగా మార్చి గాలిలోకి వదులుతుందనీ చదివాను. జోబేరు ఇసుక కింద నీటి ఖాళీ వదిలాడు, వాడింది కూడా బరక రకం. ఆ తేడాలు నేను పట్టించుకోలేదు. మెత్తటి ఇసుకను పన్నెండు సెంటీమీటర్లు పోశాను. నాలుగు రోజులు తొట్టి పాలకుండలా ఉంది. తర్వాత తేరుకుంది. ఎనిమిది నెలలు బాగానే నడిచింది. రెండు క్లౌను చేపలు నాయిన వేలు కనబడితే చాలు పైకి వచ్చేవి.

ఒక ఆదివారం సాయంత్రం రాయి ఒరిగిందని, ఇసుకలో మోచేతిదాకా చేయి పెట్టి కెలికాను. నల్లటి పొర లేచింది. కుళ్ళిన గుడ్డు వాసన ఇల్లంతా! అది హైడ్రోజన్ సల్ఫైడు. తెల్లారేసరికి రెండు చేపలూ తేలాయి. నాయిన ఏమీ అనలేదు. గిన్నెతో తీసి, తులసికోట పక్కన పూడ్చి, చేతులు కడుక్కుని కూర్చున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇసుకంతా ఎత్తిపోశాను. మూడు నెలలు ఉత్త గాజు అడుగే. నిజం చెప్పాలంటే అదే నిక్షేపంగా ఉంది. చెత్త ఎక్కడ చేరినా కనిపిస్తుంది, గొట్టంతో లాగేయొచ్చు, పంపు ఎంత జోరుగా పెట్టినా ఇసుక లేవదు. అయినా మనసొప్పక మళ్ళీ ఇసుక మాటెత్తాను. అప్పుడు నాయిన అడిగాడు:

"ఎందుకు పోస్తున్నవో ముందు గది చెప్పు. మేమైతే చక్రం జారకుండ పోస్తం. నువ్వెందుకు?"

నోట మాట రాలేదు. అందం కోసమని చెప్పడానికి సిగ్గేసింది. నైట్రేటు కోసమనే ధైర్యం లేదు. క్లౌను చేపలకు ఇసుకతో పనే లేదు. రెండు రోజులు ఆలోచించి, హాలికోరిస్ అనే రాస్ చేప కోసమన్నాను. చీకటి పడితే అది ఇసుకలో దూరి పడుకుంటుంది, అడుగు గాజైతే దానికి పడకే లేదు. "మరి దానికి ఎంత లోతు కావాలె? గింజ ఎట్లుండాలె?" ఇవీ మా నాయిన ప్రశ్నలే. ఐదు సెంటీమీటర్లు చాలు. గింజ ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. మరీ మెత్తనైతే పంపుకు లేస్తుంది, మూడు నాలుగు మిల్లీమీటర్ల ముక్కలైతే సందుల్లో చెత్త చేరుతుంది, చేప ఒళ్ళూ గీసుకుంటుంది. లెక్కేస్తే 27 లీటర్ల ఇసుక, తూకానికి నలభై కిలోల దాకా.

ఈసారి నాయినే కడిగాడు. గాజు సీసాలో గుప్పెడు ఇసుక, నీళ్ళు పోసి, కుదిపి, వెలుతురుకు పెట్టి చూసేవాడు. మబ్బుగా ఉంటే మళ్ళీ బకెట్లోకి. అట్లా పదకొండు బకెట్ల నీళ్ళు.

చేప వచ్చి నాలుగు నెలలైంది. దీపం ఆర్పే ముందు అది తల వంచి ఒక్క విదిలింపుతో ఇసుకలోకి మాయమవుతుంది. నాయిన కుర్చీ వేసుకుని ఆ సమయానికే కూర్చుంటాడు. మొన్న మామ కూడా వచ్చాడు. చాలాసేపు తొట్టిలోకి చూసి, "చేప ఏదిరా, ఖాళీ తొట్టి పెట్టుకున్నరా?" అన్నాడు. "పండింది, పొద్దున లేస్తది, ఉండు" అని నాయిన ఆయనకు చాప పరిచాడు.