నడుస్తుండగా మారినది నిలవాలంటే



మన సంఘపు యౌవనస్థులు కొందరు కంప్యూటర్ సర్వర్ల దగ్గర పనిచేస్తున్నారు. వారికి రోజూ ఎదురయ్యే ఒక సంగతి మనందరికీ పనికొస్తుందని ఈ వారం రాస్తున్నాను.

ఇంట్లో కంప్యూటరులో కొన్ని సెట్టింగులు మారిస్తే "రీస్టార్ట్ చెయ్యండి" అని అడుగుతుంది. కానీ రాత్రింబగళ్ళు వేలమందికి పనిచేసే సర్వరును మాటిమాటికీ ఆపలేరు. అలాంటి సర్వర్లలో చాలావాటిని నడిపేది లినక్స్. 1991లో హెల్సింకీలో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి దాన్ని మొదలుపెట్టాడు. దాని గుండెకాయను కెర్నెల్ అంటారు. ఆ కెర్నెల్ సెట్టింగులు ఎన్నో నడుస్తుండగానే మార్చవచ్చు. ఉదాహరణకు స్వాపీనెస్ అని ఒకటుంది. మెమరీ నిండుతున్నప్పుడు అందులోనిది డిస్కు మీదికి ఎంత త్వరగా తరలించాలో చెప్పే అంకె అది. మామూలుగా 60 ఉంటుంది. సిస్‌సీటీఎల్ అనే ఆజ్ఞతో 10 చేస్తే ఆ క్షణమే అమలవుతుంది. మిషను ఆగదు, ఎవరి పనీ చెడదు.

అయితే ఆ మార్పు నడుస్తున్న మెమరీలోనే ఉంటుంది. కరెంటు పోయి మళ్ళీ లేచిందంటే అంకె తిరిగి 60. లేచేటప్పుడు అది చదివేది డిస్కు మీద రాసి ఉన్నదాన్నే. ఈటీసీ ఫోల్డరులో సిస్‌సీటీఎల్.డి అనే చోట ఒక ఫైలులో 10 అని రాసిపెడితేనే, ఎన్నిసార్లు లేచినా 10 తోనే లేస్తుంది. మన తీరంలో కరెంటు ఎలా పోతుందో 2023 డిసెంబరు మిచాంగ్ తుఫాను చూసినవారికి చెప్పనక్కరలేదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు వేట నిషేధం. బోట్లు ఒడ్డున ఉంటాయి, మగవాళ్ళు ఇంటిపట్టున ఉంటారు, కూడికలు నిండుతాయి. కన్నీళ్ళతో తీర్మానం చేసుకుని తాగుడు మానినవారిని ఆ రోజుల్లో చూస్తాం. ఇంట్లో నెమ్మది వస్తుంది, పిల్లలు భయం లేకుండా నిద్రపోతారు. జూన్ 15న బోట్లు కదులుతాయి. పాత స్నేహితులు, చేతిలో వాటా డబ్బు, ఒడ్డున సీసా. అది మనకు రీస్టార్ట్. కొన్ని ఇళ్ళలో పాత అంకె తిరిగొస్తుంది.

అప్పుడు ఒక చెల్లెమ్మ అడుగుతుంది: "అయ్యగారూ, మా ఆయన మారింది అబద్ధమేనా?"

కాదమ్మా. ఆ రెండు నెలలు అతను నిజంగానే మారాడు. 10 అని పెట్టినప్పుడు మిషను 10 తోనే నడిచింది, నటించలేదు. కానీ ఎక్కడా రాసిపెట్టలేదు. రాతినేలన పడిన విత్తనం గురించి ప్రభువు చెప్పింది ఇదే (మత్తయి 13:20-21). సంతోషంతో అంగీకరిస్తారు గాని వేరు ఉండదు.

అందుకే దేవుడు తన మాటలను హృదయంలో ఉంచుకోమన్నాడు, ద్వారబంధాల మీద కూడా రాయమన్నాడు (ద్వితీయోపదేశకాండము 6:6-9). పొద్దున లేవగానే కంటబడే చోట ఉండాలి గదా! కాబట్టి వేటకు వెళ్ళే అన్నలారా, జూన్ 15కు ముందే మీ తీర్మానం ఒకే బోటులో వచ్చేవారికి చెప్పండి. వాటా డబ్బు నేరుగా ఇల్లాలి చేతికి అందేలా మాట్లాడుకోండి. బోటు ఎక్కేముందు రెండు నిమిషాలు ఇంట్లో కలిసి ప్రార్థించండి. సంఘపెద్దలారా, ఆ మొదటి వారం ఆ ఇళ్ళకు వెళ్ళండి.

ఇంకొక మాట. సెట్టింగులు నడుస్తుండగా మారతాయి గాని, కెర్నెల్‌నే కొత్తది పెడితే మామూలుగా రీస్టార్ట్ కావలసిందే. నీకొదేముతో ప్రభువు మాట్లాడింది అలవాట్లు సరిచేసుకోవడం గురించి కాదు, కొత్తగా జన్మించడం గురించి (యోహాను 3). ఆ పని ఆత్మ చేస్తాడు. హృదయం మీద రాసేవాడు కూడా ఆయనే (యిర్మీయా 31:33).

పోయిన ఏడాది పడిపోయినవారు సిగ్గుతో కూడికకు దూరమవ్వకండి. అంకె పాతదైందని ఎవరూ మిషను పారేయరు. మళ్ళీ మారుస్తారు, ఈసారి రాసిపెడతారు. పౌలు అంతరంగ పురుషుడు దినదినం నూతనమవుతున్నాడన్నాడు (2 కొరింథీ 4:16), ఒక్కరోజుతో అయిపోయిందనలేదు.

ప్రభువా, మా తీరంలో నీ యెదుట తీర్మానం చేసుకున్న ప్రతి తండ్రి హృదయం మీద నీ చేతితో రాయుము. బోట్లు కదిలిన రోజున కూడా అది చెరిగిపోకుండునట్లు కాపాడుము. ఆమేన్.