వెలుగు కోసం వేచిన గింజ

రాగిచేలో కలుపు తీసినవారికి ఒక సంగతి బాగా తెలుసు. కలుపు ఒకసారి తీస్తే అయిపోయే పని కాదు. హోసూరు ప్రాంతంలో మాది మెట్టచేను. గుంటక తోలి, ఎండలో వంగి ఒక్కొక్క మొక్కా పీకి, ఇక చేను శుభ్రమయిందని అనుకొనేవాళ్ళం. ఒక్క వాన పడితే చాలు, పదిరోజులకు సాళ్ళ నడుమ మళ్ళీ పచ్చగా లేచేది. “ఏరినదంతా మళ్ళీ ఎట్ల వచ్చె అవ్వా?” అని అడిగేవాణ్ణి. అవ్వ నడుము పట్టుకొని, “పైది ఏరితిమిరా. లోపలిది అట్లే ఉండాది” అనేది.

అవ్వ మాట అక్షరాలా నిజం. మట్టిలో లెక్కకు అందనన్ని గింజలు ఉంటాయి. అవి చచ్చినవి కావు, నిద్రపోతున్నవి. తగినంత నీరు, గాలి, వెచ్చదనం ఉన్నా మొలకెత్తని ఈ స్థితినే సుప్తావస్థ అంటారు.

మరి వాటిని లేపేది ఎవరు? చాలావరకు మనమే! గుంటక తోలినప్పుడు అడుగుమట్టి పైకి వస్తుంది. గింజకు క్షణకాలం వెలుగు సోకుతుంది. కొన్ని గింజలకు ఆ క్షణమే చాలు. చిక్కుడు గింజలో తిండి నిండుగా ఉంటుంది కనుక అది వెలుగు కోసం ఎదురుచూడదు. పొగాకు గింజ అట్లా కాదు. గ్రాముకు పదివేలు తూగేటంత చిన్నది. లోతున మొలిస్తే పైకి చేరకముందే దాని తిండి అయిపోతుంది. వెలుగు తగిలిందంటే నేలపైభాగం దగ్గరలోనే ఉన్నదని దానికి గుర్తు.

వెలుగులోనూ తేడా ఉంది. 1952లో అమెరికాలోని బెల్ట్స్‌విల్‌లో బోర్త్‌విక్, హెండ్రిక్స్, వారి తోటివారు లెట్యూస్ అనే ఆకుకూర గింజల మీద ఎర్రని కాంతి ప్రసరింపజేశారు. గింజలు మొలిచాయి. ఎరుపుకు అవతల ఉండే, కంటికి సరిగా ఆనని కాంతిని ఆ వెంటనే ప్రసరిస్తే మొలవలేదు. ఒకదాని తరువాత ఒకటి ఎన్నిసార్లు మార్చినా చివర పడిన కాంతి మాటే చెల్లింది! గింజలో ఉండే ఫైటోక్రోమ్ అనే రంగుపదార్థం ఈ తేడాను పసిగడుతుంది. చెట్టు ఆకులు ఎర్రకాంతిని పీల్చుకొని రెండోదాన్ని కిందికి వదులుతాయి. అందుకే నీడలో పడిన గింజ, పైన మరొకరు ఉన్నారని తెలిసి ఆగిపోతుంది.

వేడిమి కూడా ఇటువంటి కబురే తెస్తుంది. నేలపైన పగటికీ రాత్రికీ వేడిలో చాలా తేడా ఉంటుంది, లోతున ఉండదు. ఆ హెచ్చుతగ్గులను బట్టి కొన్ని గింజలు తామెక్కడ ఉన్నదీ తెలుసుకొంటాయి. ఆపిల్ గింజ తడిలో రెండు మూడు నెలలు చలి అనుభవిస్తేగాని కదలదు. కొన్ని రకాల వడ్లు కోసిన వెంటనే మొలవవు. కోతకాలపు వానకు వెన్నులోనే మొలకలు రాకుండా ఆ నిద్రే కాపాడుతుంది. పరిశోధనశాలల్లో అటువంటి వడ్లను 50 డిగ్రీల పొడివేడిలో కొన్ని రోజులు ఉంచి మేల్కొలుపుతారు.

వెలుగే కలుపును లేపుతున్నదని తెలిశాక, జర్మనీలో 1990 ప్రాంతంలో చీకట్లో దున్ని చూశారు. కొన్ని కలుపుమొక్కలు తగ్గాయి. అన్నిచోట్లా అదే ఫలితం రాలేదు. మా అవ్వ వింటే, రాత్రి కూడా పని పెట్టినారా అనేదేమో!

ఒక గింజ ఎన్నాళ్ళు ఇట్లా వేచి ఉండగలదు? 1879లో మిచిగన్‌లో విలియం జేమ్స్ బీల్ అనే ఆచార్యుడు ఈ ప్రశ్నే వేసుకొన్నాడు. గింజలను తడి ఇసుకలో కలిపి 20 సీసాలకు ఎత్తి భూమిలో పాతిపెట్టాడు. ఆయన పోయినా తరువాతివారు ఆ పరీక్షను విడువలేదు. 2021 ఏప్రిల్‌లో ఒక సీసాను రాత్రివేళ తవ్వితీశారు. మిగిలిన వాటికి పొరపాటున ఎండ తగలకూడదు కదా! 142 ఏళ్ళనాటి ఆ గింజల్లో వెర్బాస్కం అనే మొక్కవి కొన్ని మొలిచాయి. ఇంకా నాలుగు సీసాలు మట్టిలోనే ఉన్నాయి. రాబోయే సీసాను 2040లో తీస్తారు. చివరిదాన్ని 2100లో.