ఎంగా దిబ్బల్లో కౌకౌ

పాపువా న్యూగినీ కొండల్లో చిలగడదుంపని కౌకౌ అంటారు. మౌంట్ హాగెన్ సంతలో ఆడవాళ్ళు నేల మీద కుప్పలు పోసుకుని కూర్చున్నారు. ఒక కుప్పలో తొక్క ఎరుపు, లోపల తెలుపు. పక్కదాంట్లో తొక్క తెలుపు, కోస్తే వంకాయరంగు చారలు. శివరాత్రికి ఉడకేసుకునే ఒకటి రెండు రకాలే ఎరిగిన నాకు ఏది అడగాలో తోచలేదు. ఇక్కడివాళ్ళకి పూటపూటా ఇదే తిండి మరి.

అక్కణ్ణుంచి ఎంగా ప్రాంతంలోని వబాగ్ దారి పట్టాం. బండిలో ఎంతమందిమి ఇరుక్కున్నామో డ్రైవరుకే తెలియాలి. ఎంగా లోయల్లోకి దిగేసరికి వాలు నిండా గుండ్రటి మట్టిదిబ్బలు. లోపల పాత తీగలు, కలుపు, గడ్డి వేసి పైన మట్టి కప్పుతారు. అవి కుళ్ళి ఎరువవుతాయి. ఎత్తున ఉన్న తీగకి చలి కాస్త తక్కువ తగులుతుంది. అదీ కొంతవరకే, 1972లో, 1997లో గడ్డకట్టిన మంచుకి తోటలకు తోటలే మాడిపోయాయి.

వబాగ్ పక్కన ఒకావిడ తన తోటలోకి రానిచ్చింది. కర్రతో దిబ్బ పక్కన తవ్వి, చెయ్యి లోపలికి పోనిచ్చి, తడిమి తడిమి పెద్దవే లాగింది. చిన్నవి ఊరాలని మట్టి మళ్ళీ సర్దేసింది. తీగలు ఒకలాంటివి కావు. ఒకదాని ఆకు గుండ్రం, ఇంకోదానిది కాకికాలులా చీలింది, మూడోదాని చిగురు ఊదా. ఇది తొందరగా ఊరుతుంది, అది నేలలో ఎక్కువకాలం నిలుస్తుంది అని దుబాసీ చెబుతుంటే ఆమె వేలితో చూపిస్తోంది.

తీగముక్క నాటితే తల్లి గుణమే వస్తుంది కదా, ఇన్ని రకాలెలా పుట్టాయని అడిగాను. దిబ్బ అంచున ఓ చిన్న మొక్క చూపించి, ‘‘అది నేను నాటలేదు’’ అంది. గింజ రాలి మొలిచిందన్నమాట. తూటిపువ్వుకి చుట్టమైన ఈ పువ్వు మామూలుగా తన పుప్పొడితో తాను గింజకట్టదు. తేనెటీగ వేరే తీగనుంచి తేవాలి. పైగా ఆరు వరసలుగా 90 క్రోమోజోములు. అందుకే ఆ మొలకకి అచ్చం తల్లిపోలికా ఉండదు, అచ్చం తండ్రిపోలికా ఉండదు.

హాగెన్ దగ్గరి కుక్ చిత్తడినేలలో వేల ఏళ్ళనాటి సాగు ఆనవాళ్ళున్నాయి. 2008లో ఆ చోటు యునెస్కో జాబితాకెక్కింది. చిలగడదుంప మాత్రం అమెరికా ఖండం నుంచి నిన్నగాక మొన్న, సుమారు మూడు వందల ఏళ్ళ కిందట వచ్చిందంటారు. ఇంతలోనే వందల రకాలయిందంటే శాస్త్రవేత్తలకన్నా ముందు ఈ ఆడవాళ్ళకే దణ్ణం పెట్టాలి.

ఆ మొలకని ఏం చేస్తావన్నాం. దుంప ఊరాక ఉడకబెట్టి చూస్తుందట. పిండిపిండిగా ఉంటే తీగ కోసి వచ్చే దిబ్బలో పెట్టి, చెల్లెలికీ నాలుగు ముక్కలిస్తుంది. నీళ్ళనీళ్ళగా ఉంటే పందులెలాగూ ఉన్నాయి.