సాలూరు దారిలో క్లచ్ పరీక్ష

శ్రీకాకుళం నుంచి విశాఖ వైపు 16వ నంబరు జాతీయ రహదారి మీద ఎంత దూరం పోయినా కారు క్లచ్ సంగతి బయటపడదు. ఎచ్చెర్ల దాటామంటే టాప్ గేరే. టోల్‌గేటు వచ్చేదాకా ఎడమ కాలికి పనుండదు. ఏ బండైనా ఆ దారిలో బాగున్నట్టే ఉంటుంది.

అందుకే చిలకపాలెం దగ్గర హైవే దిగిపోయాం. పొందూరు, రాజాం, బొబ్బిలి, రామభద్రపురం మీదుగా సాలూరు, అక్కణ్ణుంచి ఘాట్ ఎక్కి కోరాపుట్ వెళ్లాలని అనుకున్నాం. కారు మా బావమరిదిది. పాత డీజిల్ బండి, వైరుతో పనిచేసే క్లచ్. పెడల్ బరువెక్కిందని చూపిస్తే ఊళ్లో ఒక షెడ్డులో సెట్టంతా మార్చెయ్యాలన్నారట. ఇంకోచోట, ఏడాది దాకా చూసుకోనక్కర్లేదన్నారట. రెండు చోట్లా బండి నడిపి చూసినవాళ్లు లేరు. నడపకుండా క్లచ్ మీద తీర్పు చెప్పేవాళ్ల మాట నాకెప్పుడూ ఎక్కదు.

పొందూరులో టీకి ఆగాం. ఇక్కడి సన్న ఖద్దరుకు పత్తిని ఇప్పటికీ వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు. యంత్రం చెయ్యలేని పని ఆ చిన్న పళ్లు చేస్తాయి. కాసేపు చూద్దామంటే బావమరిది తాళాలు ఆడిస్తూ నిలబడ్డాడు.

రాజాం దారిలో గుంతలు మాకు మేలే చేశాయి. ప్రతి గుంతకీ గేరు తగ్గించాలి, మళ్లీ పెంచాలి. పక్క సీట్లో కూర్చుని అతని కాలినే చూశాను. పెడల్ దాదాపు పూర్తిగా పైకొచ్చాక గాని బండి కదలడం లేదు. ఇంజిన్ వెనక తిరిగే ఫ్లైవీల్‌కీ, ప్రెషర్ ప్లేటుకీ నడుమ ఉండేది క్లచ్ ప్లేటు. పెడల్ వదిలితే స్ప్రింగు దాన్ని ఫ్లైవీల్‌కి అదిమి పడుతుంది, తొక్కితే విడిచిపెడుతుంది. ప్లేటు రెండు ముఖాలకీ రివెట్లతో బిగించిన లైనింగ్ అరిగేకొద్దీ ఆ పట్టు దొరికే చోటు పెడల్ పైకి జరుగుతూ వస్తుంది. అది అరుగుదలకి గుర్తు. కానీ వైరు సరిగా సర్దకపోయినా పట్టు పైనే దొరుకుతుంది కాబట్టి, దీన్ని బట్టి ప్లేటు మార్చాలని తేల్చెయ్యలేం.

బొబ్బిలి బస్టాండు దగ్గర ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్ మీద పాకాల్సి వచ్చింది. అక్కడే కాలిన వాసన మొదలైంది. కిటికీ దించి “బ్రేకులా?” అన్నాడు బావమరిది. బ్రేకులు కావు. లైనింగ్ కాలితే ముక్కులో గుచ్చుకునే వాసన వస్తుంది, అది ఒకసారి తెలిస్తే మరిచిపోం. అయితే వాసనకి భయపడి జేబు ఖాళీ చేసుకోకూడదు. కొత్త క్లచ్‌ని కూడా ఒక్క ఎత్తు మీద హాఫ్ క్లచ్‌లో నిలబెట్టి కాల్చెయ్యొచ్చు. రోజూ వస్తోందా, మామూలుగా నడిపినా వస్తోందా అన్నది చూడాలి. బండి చల్లారేలోగా పక్కనే గొల్లపల్లికి ఆటోలో వెళ్లి, ఒకే పనస మొద్దును తొలిచి చేసే వీణలు చూసి వచ్చాం. ఆ పచ్చి చెక్క వాసన తర్వాత కారెక్కితే లోపల ఇంకా మాడు వాసనే.

రామభద్రపురం దగ్గర 26వ నంబరు జాతీయ రహదారి కలిసింది. పాత లెక్కలో ఇది 43, రాయ్‌పూర్ నుంచి విజయనగరం వచ్చే దారి. సాలూరు దగ్గరపడేకొద్దీ రోడ్డుకి రెండు వైపులా లారీలే. 2022 ఏప్రిల్ నుంచి ఊరు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది గానీ, నాకింకా విజయనగరం జిల్లా అనే నోటికొస్తుంది. లారీలు నడపడం, బాడీలు కట్టడం, బాగుచెయ్యడం ఈ ఊరి బతుకు. ఊరు దాటితే ఘాట్ కాబట్టి, ఇక్కడి మేస్త్రీలకి క్లచ్ అంటే ఏమిటో ఎవరూ నేర్పనక్కర్లేదు.

మాకు దొరికిన మేస్త్రీ ముందు కింద కూర్చుని వేలితో పెడల్ నొక్కి చూశాడు. తర్వాత వైరు ఊడదీసి విడిగా లాగాడు.

“బరువంతా వైరుదే బాబూ. లోపల పోగులు తెగిపోయి గొట్టానికి రాసుకుంటన్నాయి. దీనికి ప్లేటు మార్చీమన్నారేటి?”

“మరి వాసనో?” అన్నాను.

“ఆగండి. పెడల్‌కి ప్లే నేదు. బేరింగు ఎప్పుడూ ఆనుకునే ఉన్నాది. మరి జారదేటి?”

కొత్త వైరు వేసి, పెడల్‌కి ఉండాల్సిన ఆ కాస్త వదులు, అదే ప్లే, సర్దాడు. పెడల్ తేలికైంది. అయినా వదల్లేదు. చక్రాల కింద రాళ్లు పెట్టించి, బండి ముందున్న కుర్రాళ్లని పక్కకి పొమ్మన్నాడు. “హేండ్‌బ్రేకు గట్టిగా లాగండి. మూడో గేరెయ్యండి. కొంచెం రేజ్ ఇచ్చి కాలు తీసీయండి. టక్కున ఆగాల.” క్లచ్‌లో పట్టుంటే కదల్లేని ఇంజిన్ వెంటనే ఆగిపోవాలి. మాది ఆగింది గానీ కాసేపు గింజుకుని, బద్ధకంగా ఆగింది. బావమరిది ఇంకోసారి చేద్దామన్నాడు. మేస్త్రీ ఒప్పుకోలేదు. ఆ పరీక్ష చేసిన ప్రతిసారీ ప్లేటు కొంత కాలుతుంది.

ఇంజిన్ ఊరికే తిరుగుతుండగా పెడల్ తొక్కించి చెవి పెట్టి విన్నాడు. తొక్కినప్పుడు గర్రుమంటే రిలీజ్ బేరింగు, వదిలినప్పుడు మోగి తొక్కితే ఆగిపోతే గేర్‌బాక్స్ లోపలి బేరింగు. మాకు రెండూ లేవు. రివర్స్ గేరు కూడా గీసుకోకుండా పడింది. అది గీసుకుంటుంటే ప్లేటు జారుతోందని కాదు, సరిగా విడిపోవడం లేదని. పొరపాటున చాలామంది దానికీ దీనికీ ఒకే మందు వేయిస్తారు. వైరు లేని కొత్త కార్లలో అయితే ముందు క్లచ్ ఆయిల్ తగ్గిందా, ఎక్కడైనా కారుతోందా చూడాలి.

“కొండ మొదలు దాకా ఎల్లి రండి. ఏడెక్కాక సూడాల,” అన్నాడు.

సుంకి వైపు ఘాట్ మొదలయ్యాక మాకు జవాబు దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. ముందు సరుకు లారీ ఒకటి చిన్న గేరులో, ఎక్కడా తడబడకుండా ఎక్కుతోంది. దాన్ని దాటడానికి మూడో గేరులో ఏక్సిలరేటర్ నొక్కగానే ఇంజిన్ చుట్ల ముల్లు పైకి లేచింది, స్పీడు ముల్లు ఉన్నచోటే ఉంది. “ఇంజిన్ అరుస్తోంది గానీ బండి కదలట్లేదు బావా,” అన్నాడు బావమరిది. ఇదే అసలైన గుర్తు. ఫిల్టరు మూసుకుపోయో, టర్బో పాడయ్యో పికప్ తగ్గితే రెండు ముళ్లూ నెమ్మదిస్తాయి. ఒక ముల్లు మాత్రమే లేస్తే నడుమ ఏదో జారుతున్నట్టు. వేడెక్కేకొద్దీ లైనింగ్ పట్టు తగ్గుతుంది, జారితే ఇంకా వేడెక్కుతుంది. చల్లారాక మళ్లీ పట్టుకుంటుంది కాబట్టి పొద్దున్న ఇంటి ముందు బండి బాగానే ఉంటుంది. షెడ్డుల్లో రెండు మాటలు రావడానికి అదొక కారణం. వెడల్పు దొరికిన మలుపులో వెనక్కి తిప్పేశాం.

మర్నాడు గేర్‌బాక్స్ దించారు. ప్లేటు మీద లైనింగ్ రివెట్ల తలలకి దాదాపు సమానంగా అరిగిపోయి ఉంది. ఇంకొంత నడిపితే ఆ రివెట్లు ఫ్లైవీల్‌ని గీకేవి, ఖర్చు అక్కడే పెరిగేది. ఇప్పటికి ఫ్లైవీల్ మీద కాలిన నీలి మచ్చలు కొన్నే ఉన్నాయి. చదును చేయిస్తే చాలన్నాడు. ఇంజిన్ సీలు నుంచి ఆయిల్ కారి ప్లేటు తడిసిందేమో చూపించమన్నాను. పొడిగానే ఉంది. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ మార్పించాం. బేరింగు బాగుంది కదా అని బావమరిది బేరమాడాడు. అది పోతే మళ్లీ గేర్‌బాక్స్ దించే కూలి ఇచ్చుకోవాలి కాబట్టి ఆ మిగులు నాకు మిగులనిపించలేదు.

మేస్త్రీ పెడల్ రబ్బరు చూపించాడు. బ్రేకుది గరుకుగా ఉంది, క్లచ్‌ది నున్నగా మెరుస్తోంది. “తమరు కాలు దీనిమీదే ఎట్టుకుని కూకుంటారేటి?” బావమరిది పలకలేదు.

కొత్త ప్లేటు సర్దుకునేదాకా, కొన్ని వందల కిలోమీటర్లు, మెత్తగా నడపమన్నాడు. ఘాట్ ఇప్పుడొద్దన్నాడు. కోరాపుట్ మానుకుని గజపతినగరం మీదుగా విజయనగరం బయల్దేరాం. సాయంత్రం అక్కడి మూడు లాంతర్ల కూడలి దగ్గర ఆటోల నడుమ ఇరుక్కున్నాం. ముందు బండి కదిలేలా లేదు. బావమరిది ఫోన్‌లో హోటల్ వెతుకుతున్నాడు, ఎడమ కాలు పెడల్ మీదే ఉంది.

“న్యూట్రల్ చేసి కాలు తియ్యి,” అన్నాను.

“తీశాన్లే బావా,” అంటూ అప్పుడు తీశాడు.