పసరాల్ని చెట్టు కింద కట్టకండి

అన్నలూ, మన సిక్కోలు, విజయనగరం పక్క మే నెలలో మబ్బు కమ్మితే పసరాల్ని తాటిచెట్టు కిందకి తోలేస్తాం కదా. ఒక్క మాట వినండి.

మబ్బులో మంచు రవ్వలు రాసుకుని విద్యుదావేశం పుడుతుంది. మబ్బు అడుగున రుణావేశం చేరితే, కింద నేలలో ధనావేశం పోగవుతుంది. ఎత్తున్న చెట్టు మీద పిడుగు పడే అవకాశం ఎక్కువ.

ఆ కరెంటు చెట్టుతో ఆగదు, నేలలో నలువైపులా పాకుతుంది. దూరం పోయేకొద్దీ ఓల్టేజీ తగ్గుతుంది. ఆవు ముందుకాళ్లకీ వెనకకాళ్లకీ ఎడం ఎక్కువ, ఓల్టేజీ తేడా కూడా ఎక్కువే. కరెంటు గుండె మీదుగా పోతుంది. అందుకే ఒక్క పిడుగుకి మంద మంద కూలిపోతుంది.

ఉరుము వినపడితే పక్కా ఇంట్లోకి పొండి. ఇల్లు అందకపోతే చెట్టుకి దూరంగా, పాదాలు దగ్గరపెట్టి గొంతుక్కూర్చోండి, పడుకోవద్దు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాకే పొలంలోకి దిగండి.