దిగాలంటే ముందు ఎక్కాలి

మావారికి 52 ఏళ్ళు. బీపీ లేదు, సుగర్ లేదు. కాకినాడలో రోజూ పొద్దున్నే నడకకి వెళ్తారు. లద్దాఖ్ ప్రయాణం అనుకున్నప్పుడు ఇంట్లో అందరి బెంగా నా గురించే. రెండంతస్తులు ఎక్కితే ఆయాసపడేది నేను. అక్కడ ప్రాణం మీదికి వచ్చింది మాత్రం ఆయనకి. ఒంట్లో సత్తువకీ ఎత్తు వల్ల వచ్చే జబ్బుకీ సంబంధం లేదని లేహ్‌లో డాక్టరు చెప్పేదాకా మాకు తెలియదు.

ఢిల్లీలో విమానం ఎక్కితే గంటన్నర లోపే లేహ్. సముద్రం ఒడ్డున బతికేవాళ్ళం 3,500 మీటర్ల ఎత్తున దిగాం. మొదటి రోజు గది దాటలేదు. అందరికీ తలనొప్పి. మా ఊళ్ళో డాక్టరు రాసిచ్చిన డయామాక్స్ మాత్రలు వేసుకుంటూనే ఉన్నాం. రెండో రోజు తలనొప్పులు తగ్గాయి. కారులో శాంతి స్తూపం దాకా వెళ్ళి వచ్చాం. మూడో రోజు పాంగాంగ్ సరస్సు, రాత్రి అక్కడే గుడారాల్లో బస. ట్రావెల్స్ వాళ్ళు వేసిచ్చిన కార్యక్రమం అది. ‘త్రీ ఇడియట్స్’ సినిమా చివర్లో వచ్చే సరస్సు అదేనని మా అమ్మాయి ఏడాదిగా దాని పేరే జపిస్తోంది.

పాంగాంగ్ వెళ్ళాలంటే చాంగ్ లా దాటాలి. ఆ కనుమ ఎత్తు 5,300 మీటర్ల పైమాటే. దాటాక అంతా దిగుడు కాబట్టి గండం గడిచిందనిపిస్తుంది. కానీ సరస్సు ఉన్నది 4,250 మీటర్ల దగ్గర. ముందురోజు పడుకున్న చోటుకి 750 మీటర్లు పైన. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తుని రోజుకి 500 మీటర్లకి మించి పెంచకూడదట. మాకు బండీ బసా కుదిర్చినవాళ్ళు ఈ మాట చెప్పలేదు.

ఆ సాయంత్రం ఆయన అన్నం ముట్టలేదు. పొడి దగ్గు మొదలైంది. చలికి అన్నారు. రాత్రి పదకొండు దాటాక మెలకువ వచ్చి చూస్తే మంచం అంచున కూర్చుని ఉన్నారు. రెండు చేతులూ పరుపు మీద ఆనించి ముందుకి వంగి ఉన్నారు. పడుకుంటే ఊపిరి ఆడటం లేదన్నారు. ఆ మాట అనడానికి రెండుసార్లు ఆగారు. వీపు మీద చెయ్యి వేస్తే లోపల గురగుర తెలుస్తోంది. టార్చి వేసి చూశాను. పెదవులు నీలంగా ఉన్నాయి.

నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. గుడారం బయటికి వచ్చి “ఎవరైనా రండి” అని తెలుగులో అరిచాను. నాకు హిందీ అంతంత మాత్రం. మా ఫోన్లన్నీ ప్రీపెయిడ్. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ములు లద్దాఖ్‌లో పనిచేయవు. పక్క గుడారంలోంచి మా పిల్లలు పరిగెత్తుకొచ్చారు. ఆ క్షణం నుంచి మా ఇంటికి పెద్ద మా అమ్మాయే. ఇంటర్ చదువుతోంది. స్కూల్లో నేర్చుకున్న హిందీతో అందరితో తనే మాట్లాడింది. నేను దాని వెనక నిలబడి ఏడుస్తూ ఉన్నాను.

క్యాంపు యజమాని ఆక్సిజన్ సిలిండరు తెచ్చి ముక్కుకి గొట్టం పెట్టాడు. కొంత నయమనిపించింది. ఈ చీకట్లో వద్దు, తెల్లారాక చూద్దాం అన్నారు పక్క గుడారాలవాళ్ళు. నాకూ అదే మంచిదనిపించింది. మా డ్రైవరు ఒప్పుకోలేదు. లద్దాఖీ కుర్రాడు, పాతికేళ్ళు ఉంటాయేమో. తెల్లారేసరికి ఇది ముదురుతుంది, నేను చూశాను అన్నాడు. ఈ జబ్బుకి అసలు మందు కిందికి దిగడం. కానీ పాంగాంగ్ నుంచి లేహ్‌కి దిగాలంటే ముందు చాంగ్ లా ఎక్కాలి. ఈ స్థితిలో ఎక్కిస్తే దారిలోనే పోతారు. అందుకని టాంగ్‌ట్సేకి తీసుకెళ్తానన్నాడు. సరస్సుకి కొంచెం పల్లంలో ఉన్న ఊరు. ఆస్పత్రి ఉంది. సుమారు 40 కిలోమీటర్లు.

బండిలో మా అబ్బాయి నాన్నని నిటారుగా కూర్చోబెట్టి పట్టుకున్నాడు. అమ్మాయి సిలిండరు ఒళ్ళో పెట్టుకుంది. దారిలో పాగల్ నాలా అనే వాగుంది. మధ్యాహ్నం ఎండకి మంచు కరిగి పొంగుతుంది, రాత్రికి తగ్గుతుంది. డ్రైవరు దిగి, లైట్ల వెలుగులో నీళ్ళు చూసి, నెమ్మదిగా దాటించాడు. నేను ఆయన ఊపిరి లెక్కపెడుతూ కూర్చున్నాను. ఈయన ఇక దక్కరని నమ్మేశాను. ఇంతదూరం నుంచి కాకినాడకి ఎలా తీసుకెళ్ళాలి అన్న ఆలోచన కూడా వచ్చింది. ఆయన పక్కనే బతికి ఉండగా వచ్చింది. ఈ సంగతి ఇప్పటిదాకా ఆయనకి చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

టాంగ్‌ట్సేలో తలుపు కొడితే వెంటనే తీశారు. వేలికి మీటరు పెడితే ఆక్సిజన్ 56 చూపించింది. ఆ ఎత్తున మామూలు మనిషికి 80 పైన ఉంటుందట. పెద్ద సిలిండరు పెట్టి మాస్క్ బిగించారు. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి తగ్గించే మాత్ర ఇచ్చారు. పైన గాలి పలచన. ఆక్సిజన్ చాలక ఆ నాళాలు బిగుసుకుంటాయి, ఒత్తిడికి నీరు ఊరి గాలి తిత్తుల్లోకి చేరుతుంది. మనిషి ఒడ్డున కూర్చునే లోపల మునిగిపోతూ ఉంటాడు. పల్మనరీ ఎడిమా అంటే అదని అక్కడి డాక్టరు హిందీలో చెబితే అమ్మాయి నాకు తెలుగులో చెప్పింది. మునిగిపోవడం అన్న మాట దగ్గర దాని గొంతు ఆగింది.

నాలుగో రోజు తెల్లారేసరికి మీటరు 80కి వచ్చింది. అంబులెన్సులో ఎక్కించి, చాంగ్ లా మీద ఎక్కువసేపు ఆగవద్దన్నారు. ఎక్కుతున్నకొద్దీ అంకె తగ్గుతూ వచ్చింది. నర్సు ఆక్సిజన్ పెంచుతూ వచ్చింది. మధ్యలో ఆయనకి మూత్రం ఆగలేదు. కూతురు ఎదురుగా ఉండగా సీసా పట్టాల్సి వచ్చింది. అమ్మాయి కిటికీ వైపు తిరిగిపోయింది. ఆయన కళ్ళు మూసుకున్నారు. ఆ రోజంతటిలో ఆయన కళ్ళలో నీళ్ళు చూసింది అప్పుడే.

కనుమ మీద సిలిండరు అడుగంటింది. సైన్యం వాళ్ళు ఇంకోటి తెచ్చి మార్చారు. నేను “ఏమండీ, ఏమండీ” అని పిలుస్తూనే ఉన్నాను. అది విని ఒక జవాను లోపలికి తొంగి చూశాడు. “అమ్మా, భయపడకండి. ఇక్కణ్ణించి దిగుడే” అన్నాడు తెలుగులో. శ్రీకాకుళం జిల్లా అట. ఊరి పేరు అడిగే వ్యవధి లేకపోయింది.

లేహ్ ఆస్పత్రిలో ఎక్స్‌రే తీస్తే కుడివైపు ఊపిరితిత్తి సగానికి పైగా తెల్లగా కనిపించింది. వార్డులో మూడు రాత్రులు ఉన్నాం. రెండో రాత్రి ఆయన వెల్లకిలా పడుకుని నిద్రపోయారు. అప్పుడు నేను అన్నం తిన్నాను. లేహ్ విమానాలు ఎక్కువగా పొద్దుటిపూటే. చక్రాల కుర్చీలో ఎక్కించి ఢిల్లీ తీసుకొచ్చాం. అక్కడ విమానం మెట్లు ఆయన తనే దిగారు.

ఆ డ్రైవరు రాత్రి ప్రయాణానికి పైసా తీసుకోలేదు. మర్నాడు మా సామాన్లన్నీ సర్ది ఖాళీ బండిలో లేహ్ తెచ్చి, రోజూ వార్డుకి వచ్చి చూసి వెళ్ళేవాడు. క్యాంపు యజమాని సిలిండరుతో పాటు తను కప్పుకున్న రజాయి కూడా బండిలో పెట్టాడు. టాంగ్‌ట్సే నర్సు రాత్రంతా నిద్రపోకపోయినా అంబులెన్సులో మాతో వచ్చింది, తన టిఫిను పిల్లలకి పెట్టింది. వీళ్ళలో ఏ ఒక్కరు లేకపోయినా నేను ఇప్పుడు వేరే రాత రాస్తుండేదాన్ని.

లద్దాఖ్ వెళ్ళొద్దని చెప్పను. మా పిల్లలు మళ్ళీ వెళ్తామంటున్నారు. వెళ్ళేవాళ్ళు లేహ్‌లో కనీసం మూడు రాత్రులు గడపండి. పాంగాంగ్ చివర్లో పెట్టుకోండి. డయామాక్స్ తలనొప్పికీ వాంతులకీ కొంత అడ్డుపడుతుంది కానీ ఊపిరితిత్తుల్లో నీరు చేరకుండా ఆపుతుందని దాని మీద భరోసా పెట్టుకోకండి. ఒక పోస్ట్‌పెయిడ్ సిమ్, వేలికి పెట్టే ఆక్సీమీటరు దగ్గర ఉంచుకోండి. ఇంటి మగవాళ్ళు “ఏం లేదు, చలికి” అంటే నమ్మకండి. పక్కన కూర్చుని ఊపిరి వినండి. కదలకుండా కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే తెల్లారేదాకా ఆగకండి, అప్పుడే బండి తీయించండి.