రెండు నడుములు, రెండు కాగితాలు

బసంత్‌నగర్‌లో నడుం నొప్పికి కొదవలేదు. రాజీవ్ రహదారి మీద పెద్దపల్లి దాటాక వచ్చే ఊరిది. ఇక్కడి కేశోరాం సిమెంటు ఫ్యాక్టరీ 2025లో అల్ట్రాటెక్ చేతికి వెళ్లింది. యజమాని మారినా బస్తా బరువు మారలేదు, యాభై కిలోలే. ఇంకాస్త ముందుకెళితే గోదావరిఖని, సింగరేణి బొగ్గు బావులు. బస్తాలెత్తిన నడుములూ తట్టలు మోసిన నడుములూ పక్కపక్క ఇళ్లలోనే ఉంటాయి. నొప్పికి మాత్రం అందరూ చెప్పే మాట ఒకటే... 'నడుం పట్టింది'.

అలాంటి ఓ ఇంటి పెద్దాయన బాయిలో కోల్ ఫిల్లర్‌గా చేసి రిటైరయ్యాడు. కూతురు హైదరాబాద్‌లో పిలాటిస్ నేర్పుతుంది. ఒక్కొక్కరికీ విడిగా, గంట లెక్కన. దసరా సెలవులకు వచ్చినప్పుడు ఆమె ఒకటి గమనించింది. రోజూ పొద్దున చాయ్ హోటలు దాకా వెళ్లి దోస్తులతో కూచునే తండ్రి ఇల్లు కదలడం లేదు. అడిగితే, 'అక్కడ చాయ్ బాగుంటలేదు బిడ్డా' అన్నాడు. అసలు సంగతి తల్లి చెప్పింది. రెండొందల అడుగులు వేసేసరికి కాళ్లు బరువెక్కి, ఎవరి అరుగు మీదో కూలబడాల్సి వస్తోందట. నలుగురూ చూస్తున్నారని నామోషీ.

వ్యాయామం అనగానే పెద్దాయన నవ్వాడు. 'ముప్పై ఏండ్లు తట్టా చెమ్మస్‌తోని కొట్లాడిన. ఇంక నాకు గీ కసరత్తులేంది?'

ఆమె వాదించలేదు. 'గడప నుంచి గేటు దాకా నడువు బాపూ' అంది. నాలుగుసార్లు నడిపించింది. ఎడమ భుజం కిందికి జారి ఉంది. కుర్చీలోంచి లేచేటప్పుడు ఊపిరి బిగబడుతున్నాడు, బరువులెత్తిన వాళ్ల అలవాటది. అలా బిగబడితే రక్తపోటు పెరుగుతుంది. నడిస్తే కాళ్లు లాగుతున్నాయి కానీ కూచుంటే తగ్గిపోతుంది, సైకిలు తొక్కినా ఏమీ కాదు. వెన్నులో నరాలు వెళ్లే దారి ఇరుకైందని డాక్టరు స్కానింగ్ చూసి ముందే చెప్పాడు. కొంచెం ముందుకు వంగితే ఆ దారి కాస్త తెరుచుకుంటుంది. సైకిలు మీద హాయిగా ఉండటానికి కారణం అదే.

ఆమె పాఠం అక్కణ్నుంచే మొదలైంది. చాప మీద వెల్లకిలా పడుకుని, ఒక్కో మోకాలూ మెల్లగా గుండెల దగ్గరకు తెచ్చుకోవడం, ఊపిరి వదులుతూ పొట్ట లోపలికి తీసుకోవడం. స్టూడియోలో స్ప్రింగులున్న రిఫార్మర్ అనే బల్ల ఉంటుంది. ఇక్కడ దాని పని రెండు దిండ్లూ, ఒక తువ్వాలూ, పాత సైకిలు ట్యూబూ చేశాయి. 'ఊపిరి బిగబట్టకు బాపూ' అని ఆమె ఎన్నిసార్లు అందో!

చిత్రమేమిటంటే, పిలాటిస్ పుట్టిందే ఒక బలహీనమైన ఒంట్లోంచి. జర్మనీలో 1883లో పుట్టిన జోసెఫ్ పిలాటిస్‌కు చిన్నప్పుడు ఉబ్బసం. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ అతణ్ని ఐల్ ఆఫ్ మాన్ శిబిరంలో నిర్బంధించింది. మంచాలకు స్ప్రింగులు బిగించి అక్కడి రోగులతో వ్యాయామం చేయించాడని చెబుతారు. తర్వాత న్యూయార్క్ వెళ్లి, భార్య క్లారాతో కలిసి ఎయిత్ అవెన్యూలో స్టూడియో నడిపాడు. దెబ్బలు తగిలిన డ్యాన్సర్లు అక్కడికి వచ్చేవారు. తన విద్యకు ఆయన పెట్టుకున్న పేరు కంట్రాలజీ. 1967లో ఆయన పోయాక పిలాటిస్ అన్న పేరే నిలిచింది. అది ఎవరి సొంతమూ కాదని 2000లో అమెరికా కోర్టు తేల్చింది. అంటే బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు. కాబట్టి నేర్పేవాళ్లు ఎక్కడ, ఎన్నాళ్లు నేర్చుకున్నారో అడగాల్సిందే. మనల్ని నడిపించి చూడకుండా, పాత జబ్బుల సంగతి అడక్కుండా పాఠం మొదలుపెట్టేవాళ్లకు ఫీజు కట్టడం దండగ.

ఇంతలో మరో కథ. పక్కింటాయన సిమెంటు బస్తాలు లోడ్ చేసిన మనిషి. నాలుగు రోజులు గోడ మీంచి చూసి, అదే కసరత్తు తన గదిలో మొదలుపెట్టాడు. ఐదోనాడు మంచం దిగలేదు. భార్య పరుగెత్తుకొచ్చింది. 'మీ బాపు చేసిందే చేసిండు బిడ్డా, ఇంకింత పట్టింది!'

ఆయనది డిస్కు బాధ. వంగినా, ఎక్కువసేపు కూచున్నా నొప్పి పిక్క దాకా పాకుతుంది. నడిస్తే నయం. పెద్దాయనకు సరిగ్గా వ్యతిరేకం! ముందుకు వంగితే డిస్కు వెనక్కి, నరం వైపు నొక్కుకుంటుంది. 'కాలు మొద్దుబారుతున్నదా కాకా? పాదం లేస్తున్నదా? మూత్రానికి ఇబ్బంది ఉన్నదా?' అని అడిగిందామె. అవేమీ లేవన్నా ముందు డాక్టరు దగ్గరికే పంపింది. ఆయన సరేనన్నాక, నొప్పి తగ్గేదాకా ఆగి, వేరే పాఠం చెప్పింది. బోర్లా పడుకుని, మోచేతుల మీద మెల్లగా ఛాతీ లేపడం. నొప్పి పిక్కలోంచి పైకి, నడుం వైపు జరిగితే మంచిదే. కిందికి పాకితే మాత్రం వెంటనే ఆపెయ్యాలి.

నిజానికి విడిగా నేర్పే పాఠం ఖరీదైనదే, నెలంతా చెప్పించుకోవడం మామూలు ఇళ్లకు భారం. ఫోనులో వీడియోలు ఉచితం. కాకపోతే వీడియోను మనం చూస్తాం కానీ అది మనల్ని చూడదు. అందుకే దగ్గర్లోని ఫిజియోథెరపిస్టుకు రెండు మూడుసార్లు ఒళ్లు చూపించుకుని, ఏది చెయ్యకూడదో తెలుసుకోవడం మేలు. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్లయితే పడుకున్న చోటు నుంచి వెన్ను వంచి లేచే కసరత్తుల జోలికి వెళ్లకపోవడమే మంచిది.

సెలవులు అయిపోయాయి. వెళ్లేముందు ఆమె రెండు కాగితాలు రాసిచ్చింది. బాపుది నీలం సిరాతో, కాకది ఎర్ర సిరాతో, తారుమారు కాకుండా. పెద్దాయన ఇప్పుడు చాయ్ హోటలు దాకా వెళుతున్నాడు, దారిలో ఒక్కసారే ఆగుతూ. కాగితం మాత్రం క్యాలెండరు మేకుకే వేలాడుతోంది. సంక్రాంతికి వచ్చి చూసి మళ్లీ రాస్తానంది కూతురు. అప్పటికి ఇది ఆయనకు సరిపోకపోవచ్చట.